రంగు మారని సీసా

ఎక్స్-రే గది తలుపు మూసుకోగానే టెక్నీషియన్ తన మాస్క్ కిందికి లాగాడు. మాస్క్ వెనక ఉన్నది టెక్నీషియన్ కాదు, పెదనాన్న.

డిపార్ట్‌మెంట్‌లో చీఫ్‌ని అందరూ పెదనాన్న అనే అంటారు. కోపం వస్తే ఆయన అరవడు, నిట్టూరుస్తాడు. ఆ నిట్టూర్పు వినలేక ట్రాన్స్‌ఫర్ అడిగి వెళ్లిపోయినవాళ్లు కూడా ఉన్నారు. ఇప్పుడు మోకాళ్ల దాకా వేలాడే సీసపు ఏప్రన్ తొడుక్కుని, దాని బరువుకి కాస్త ముందుకి వంగి నిలబడ్డాడు.

"ఈ గోడల్లో సీసపు రేకులున్నాయి. ఏ మైకూ పనిచెయ్యదు. ఒక ఎక్స్-రే తియ్యడానికి ఎంత టైం పడుతుందో మనకి అంతే ఉంది. విను."

ట్రాలీ మీద పడుకున్న మనిషికి వినడం తప్ప మరో పని లేదు. అతన్ని మిడత అంటారు. డిపార్ట్‌మెంట్‌లో అతను దూకని గోడ లేదు. ఎండాకాలంలో ఒక గోడౌన్ కప్పు మీంచి కింద ఉన్న ఇసుక కుప్ప మీదికి దూకాడు. ఆ ఇసుకని అదే పొద్దున లారీ వచ్చి ఎత్తుకెళ్లిందని అతనికి ఎవరూ చెప్పలేదు. మోకాలి కింది ఎముకలో వేలెడంత ముక్క నుగ్గునుగ్గయింది. డాక్టర్లు ఆ నలుసులన్నీ ఏరేశారు. ఇప్పుడా చోట ఖాళీ. కాలు కుంగిపోకుండా చుట్టూ స్టీలు రింగులు, రింగుల్లోంచి ఎముకలోకి దిగిన తీగలు. కాలిని పంజరంలో పెట్టినట్టుంటుంది చూసేవాళ్లకి.

"తీరం వెంట మన రాడార్లు ఎక్కడెక్కడున్నాయో చూపించే పటం," అన్నాడు పెదనాన్న. "మూడు ముక్కలు చేసి మూడు చోట్ల దాచాం. రెండు ముక్కలు అవతలి గట్టుకి చేరిపోయాయి."

"ఎలా?"

"అది తెలిస్తే నేనీ ఏప్రన్ ఎందుకు మోస్తాను? రెండుసార్లూ ఈ హాస్పిటల్లో ఎముక పెట్టించుకున్న పేషెంట్ ఒకడు విమానం ఎక్కాడు. ఆ వెంటనే ఒక ముక్క బయటపడింది. వాళ్ల పెట్టెలు, ఫోన్లు, చెప్పుల అడుగులు అన్నీ చూశాం. టూత్‌పేస్ట్ కూడా పిండి చూశాం."

"టూత్‌పేస్ట్ కూడానా."

"పిండింది నేనే."

మిడత నవ్వలేదు. అతని కుడిచేతి వేళ్లు ట్రాలీ అంచు మీద దరువు వేస్తున్నాయి. మంచాన పడ్డప్పట్నుంచీ ఆ వేళ్లకి నిలకడ లేదు.

"మూడో ముక్క కాపీ అయింది. ఇంకా దేశం దాటలేదు. దాటిందంటే పటం పూర్తవుతుంది." పెదనాన్న నిట్టూర్చాడు. "నీ పక్క బెడ్‌లో ఉన్నది అవతలి దేశపు ఎంబసీ సెక్రటరీ. మోటార్‌సైకిల్ మీంచి పడ్డాడు. అతనికీ నీలాగే ఎముక ప్రింట్ చేస్తున్నారు. డిప్లొమాట్ కాబట్టి ఒంటి మీద చెయ్యి వెయ్యలేం, పెట్టె తెరవలేం. కన్నేసి ఉంచు."

"నా ఆపరేషన్ నిజమేనా, అది కూడా వేషమేనా?"

"నిజమే. అయ్యాక విదేశంలో మన ఎంబసీలో డెస్క్ పోస్టింగ్. సంతకం అయిపోయింది. నీకూ డిప్లొమాటిక్ పాస్‌పోర్ట్. ఏ చెకింగూ లేకుండా దర్జాగా వెళ్తావు. అక్కడ నీ కాలు చూడటానికి మంచి క్లినిక్ కూడా నెమలి మాట్లాడి పెట్టింది."

"నెమలి ఎవరు?"

"ఇక్కడ ఎముకలు ప్రింట్ చేసే ల్యాబ్ ఇన్‌ఛార్జ్. వాళ్లు తమ మనిషి అనుకుంటున్నారు."

"మనం?"

"మన మనిషి అనుకుంటున్నాం."

పెదనాన్న భుజం మీద జారుతున్న ఏప్రన్ పట్టీ సర్దుకున్నాడు.

"నీ కాలి ఫ్రేమ్‌లో పై రింగుకి ఒక నల్ల బోల్టు బిగించాం," అన్నాడు పెదనాన్న మాస్క్ పైకి లాక్కుంటూ. "మూడు తిప్పులు తిప్పితే గేటు దగ్గరున్న మనవాళ్లు పైకి వచ్చేస్తారు. ఒక్కసారే పనిచేస్తుంది. దురద పుట్టిందని తిప్పకు."

*

వార్డులో మిడతకి తోడు అక్క. సొంత అక్క. సిటీ బస్సు కండక్టర్, సెలవు పెట్టి వచ్చింది. తమ్ముడు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టర్ అని ఆమెకి చెప్పి చాలా ఏళ్లయింది. నమ్మిందో లేదో ఆమె ఎప్పుడూ తేల్చలేదు.

"కాటా తనిఖీకి వెళ్లినవాడు గోడౌన్ కప్పు ఎందుకెక్కాడ్రా?" రోజుకోసారి అడుగుతుంది.

"కాటా కప్పు మీద పెట్టారక్కా."

"కాస్త కుదురుగా పడుకో. చిన్నప్పట్నుంచీ కాలు కాలిన పిల్లివే. కాలు విరిగితే ఆ తిరుగుడంతా కళ్లలోకి వచ్చింది నీకు."

ఆమె కోపం వెనక భయం ఉంది. సర్జన్ దాచకుండా చెప్పేశాడు. కాలికి ఒకసారి చీము పట్టి తగ్గింది. ఆ ఖాళీని ఇక ఎక్కువ రోజులు ఉంచలేరు. ఈ ఎముక అతుక్కుంటే నడుస్తాడు. అతుక్కోకపోతే మోకాలి కింద తీసెయ్యాలి. ఇంకో ఎముక పెంచేదాకా కాలు ఆగదు. ఆ మాట విన్న రోజు నుంచి అక్క తమ్ముడి కాలి వంక చూడటం తగ్గించి, తిట్టడం పెంచింది.

పక్క బెడ్ సెక్రటరీ నెరిసిన జుట్టు మనిషి. మన భాషని పాత పుస్తకాల్లోంచి నేర్చుకున్నాడు. మంచం పక్కన పెద్ద చదరంగం పెట్టె పెట్టుకుని, దొరికిన ప్రతివాడినీ ఆటకి పిలుస్తాడు.

"మిత్రమా, తమరి మంత్రి నా అశ్వము నోట పడినాడు," అన్నాడు మొదటి రోజే.

"ఈయనేంట్రా, శిలాశాసనంలా మాట్లాడతాడు," అంది అక్క గొంతు తగ్గించి.

"సోదరీ, నాకు చెవులు బాగుగానే వినబడును," అన్నాడు సెక్రటరీ. అక్క ఆ పూటంతా అటు తిరగలేదు.

సాయంత్రం హైహీల్స్ చప్పుడు వినిపించింది. అందరూ రబ్బరు చెప్పులతో తిరిగే చోట ఆ చప్పుడు ఒక్కరిదే. తెల్లకోటు, మెడ చుట్టూ నెమలికంఠం రంగు స్కార్ఫ్. మాస్క్ వెనక ఎవరికీ కనబడదని తెలిసి కూడా లిప్‌స్టిక్ వేసుకునే మనిషని ఆ నడక చూస్తేనే తెలుస్తుంది.

"ఈ వార్డులో ఫ్యాన్ తిరుగుతుందా?" అందామె చార్ట్ చూస్తూ.

"తిరుగుతుంది. గాలి వెయ్యడమే మరిచిపోయింది."

కోడ్ కలిసింది. నెమలి చార్ట్ మూసింది. "మీ ఎముకని చూపిస్తాను, రండి. పేషెంట్లకి ధైర్యంగా ఉంటుంది."

*

ల్యాబ్‌లో వీల్‌ఛెయిర్ పట్టేంత దారే ఉంది. బల్ల మీద అద్దాల పెట్టె. అందులో సూదిలాంటి నాజిల్ ఒకటి తెల్లటి ముద్దని దారంలా వదులుతూ అటూ ఇటూ కదులుతోంది. గీత మీద గీత, వరస మీద వరస. జల్లెడ మీద జల్లెడ పేర్చినట్టు ఎవరిదో దవడ ముక్క మెల్లగా లేస్తోంది.

"ఎముకంటే రాయి అనుకుంటారు అందరూ," అంది నెమలి. "ఎముకంటే రంధ్రాలు. మీ స్కాన్ చూసి, మీ కాల్లో ఎంత ఖాళీ ఉందో అంతే ముక్క కాల్షియం ముద్దతో ప్రింట్ చేశాం. మీ నడుం దగ్గర ఎముకలోంచి తీసిన కణాల్ని అందులో పోశాం. అవి ఆ రంధ్రాల్లో కాపురం పెడతాయి. నేను కట్టిన గోడలు కొంచెం కొంచెం కరిగించుకుంటూ సొంత గోడలు కట్టుకుంటాయి. కొన్నాళ్లకి రంధ్రాలు పూడిపోతాయి, నేను ప్రింట్ చేసింది మాయమవుతుంది. మీ ఎముకే మిగులుతుంది."

"అద్దెకొచ్చినవాడు ఇల్లే రాయించుకున్నట్టు."

"అలాంటి అద్దెవాళ్లే దొరకాలని కోరుకోండి."

ఒంటి వేడి ఎంతో అంతే వేడితో ఉన్న ఇంక్యుబేటర్ తలుపు తెరిచిందామె. లోపల సీసాలు జంటలు జంటలుగా ఉన్నాయి. ఒక్కో సీసాలో వేలెడంత ముక్క, చుట్టూ ఎర్రటి నీళ్లు. ఒకదానికి తెల్ల మూత, దాని జంటకి నల్ల మూత.

"మా సర్జన్ మొండివాడు. ప్రతి పేషెంట్‌కీ కవలలు చెయ్యాలంటాడు. తెల్ల మూతది కాలికి, నల్ల మూతది పరీక్షకి. ఆపరేషన్ రోజు పొద్దున రెండోదాన్ని ప్రెస్‌లో పెట్టి విరగ్గొట్టి, అందులో కణాలు లెక్కపెట్టి, రిపోర్ట్ చేతిలో పెడితే గాని ఆయన కత్తి పట్టడు."

మిడత తన రెండు సీసాల వైపు చూశాడు. తెల్ల మూత సీసాలో నీళ్లు ఎర్రగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. నల్ల మూతలో నీళ్లు పసుపు రంగుకి తిరిగి ఉన్నాయి.

"ఇదేంటి ఇలా అయింది?"

"ఆ కవల కాస్త పాడవుతోంది. పరీక్షకేగా, పర్వాలేదు. మంచిది మీ కాలికి." నెమలి పసుపు నీళ్లు వంపేసి ఎర్ర నీళ్లు నింపింది. "ఇదిగో, ఇది చూడండి."

ప్రెస్ గది మూలన ఉంది. కింద ఒక స్టీలు పలక, పైన ఒక స్టీలు పలక. పారదర్శకమైన సంచిలో సీలు చేసిన ఎవరిదో ఎముక ముక్కని ఆమె మధ్యలో నిలబెట్టి బటన్ నొక్కింది. పై పలక నత్తనడకన దిగింది. ముక్కని తాకింది. అద్దాల వెనక అంకెలు పెరిగాయి. చిన్నగా, ఎండుపుల్ల విరిగినట్టు టప్‌మంది. ఆ క్షణమే పలక ఆగిపోయి, దానంతట అదే పైకి లేచింది.

"విరిగిందని దానికెలా తెలిసింది?"

"బరువు ఒక్కసారిగా పడిపోతుంది కదా. అది చాలు దానికి. పలకల మధ్య ఏదో ఒకటి విరగాలి. ఏది విరిగిందో దానికి పట్టింపు లేదు."

వార్డుకి తిరిగి వస్తుంటే కారిడార్‌లో ఆమె వంగి, దుప్పటి సర్దుతున్నట్టు చెవి దగ్గర చెప్పింది. "మూడో ముక్క సెక్రటరీ చదరంగంలో ఉంది. రాజులో. ఆపరేషన్ రోజు హడావుడిలో అది ఎంబసీ మనిషి చేతికి వెళ్తుంది. ముందే తీసేయండి. గేటు దగ్గర మీవాళ్లని కూడా ఆ పెట్టె మీదే కన్నేయమనండి."

*

ఆ తర్వాతి రోజులు మిడతకి ముళ్ల మీద గడిచాయి. నిద్ర పడితే కాలు కుదురుగా ఉండదు, కాలు సర్దుకుంటే నిద్ర ఎగిరిపోతుంది. రోజూ పొద్దున వీల్‌ఛెయిర్ తోయించుకుని ల్యాబ్ అద్దం దగ్గరికి వెళ్లేవాడు. పురిటి వార్డు బయట నిలబడ్డ తండ్రిలా ఉన్నావురా అని అక్క దెప్పేది. ఎర్ర సీసా ఎర్రగానే ఉండేది. పసుపు సీసాలో ప్రతిసారీ నీళ్లు మార్చేవారు, మళ్లీ తెల్లారేసరికి పసుపు. పాపం, పుట్టీ పుట్టకముందే రోగిష్టిది అనుకునేవాడు మిడత. అది విరిగిపోవడానికే పెరుగుతోందని తలుచుకుంటే ఎందుకో మనసు చివుక్కుమనేది.

మధ్యాహ్నాలు సెక్రటరీ నిద్రపోగానే చదరంగం పెట్టె తెరిచేవాడు. రాజు గట్టి చెక్క, వేలెడు కంటే రవ్వంత ఎక్కువ ఎత్తు. అతుకు లేదు, మర లేదు, బోలు చప్పుడు లేదు. ఒకరోజు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తుంటే అక్క చూసింది.

"రాజుగారు ఏమంటున్నారు?"

"ఏం అనట్లేదు. అదే నా బాధ."

ఆపరేషన్ రోజు వచ్చింది. ముందు మిడత, తర్వాత సెక్రటరీ. నర్సు ఇద్దరికీ ఆకుపచ్చ గౌన్లు తొడిగింది. మిడత మత్తు మాత్ర మింగినట్టు నటించి దిండు కింద దాచాడు. గౌను జేబులో రాజు ఉన్నాడు. థియేటర్‌లోకి వెళ్లేలోపు మనవాళ్లెవరికైనా అందించాలి. లోపల ఏమీ లేదని అతని చేతులు చెప్తున్నాయి, ఉందని నెమలి చెప్పింది. రెండిట్లో ఏది నమ్మాలో తేలక వేళ్లు రింగుల మీద దరువు వేస్తున్నాయి.

"మిత్రమా, నా రాజు కనబడుట లేదు," అన్నాడు సెక్రటరీ పెట్టె వెతుక్కుంటూ.

"మంచం కింద చూశారా?"

"ప్రతి మధ్యాహ్నము నా పెట్టె తనంతట తాను కదులుచున్నది. ఈ వేళ రాజు కూడ నడచిపోయినట్లున్నాడు." ఆయన కళ్లలో నవ్వు ఉంది. "పోనిండు. నేడు శుభదినము. నా ఎముకలకు మంచి ఆకలిగా ఉన్నదట. రెండు సీసాలును ప్రతి ఉదయము పసుపు వర్ణము."

మిడత వేళ్లు ఆగాయి.

"రెండూ పసుపేనా? పాడైనట్టు కాదా?"

"కాదు, కాదు. నేనును భయపడి సర్జనుగారిని అడిగితిని. కణములు తిండి తిని జీర్ణించుకొన్నచో ఆ నీరు పులిసి పసుపగును. తినునది బ్రతికినది. ఎర్రగనే ఉన్నచో లోపల ఎవరును లేరన్నమాట. వట్టి సున్నపుముక్క."

"నా కాలికి పెట్టేది మొదట్నుంచీ ఎర్రగానే ఉంది," అన్నాడు మిడత మెల్లగా.

సెక్రటరీ ముఖంలో నవ్వు పోయింది. పుస్తకాల భాష కూడా పోయింది. "అయ్యో," అన్నాడు.

మిడత బుర్ర చాలా రోజుల తర్వాత పరిగెత్తింది. కణాలు పోస్తే రంధ్రాలు పూడిపోతాయి. పూడిపోకూడదంటే కణాలు పొయ్యకూడదు. రంధ్రాలు ఎవరికి కావాలి? రంధ్రం ఉన్నచోట ఒకటి, లేనిచోట సున్నా, కంప్యూటర్ చదివే రాత అదే. వేలెడంత ముక్కలో అలాంటివి లక్షలు. రాడార్ల పటం ఒక ముక్క అందులో హాయిగా పడుతుంది. ఎముక పెట్టించుకుని విమానం ఎక్కిన ఆ ఇద్దరు పేషెంట్ల టూత్‌పేస్ట్ పిండారు గాని కాళ్లకి ఎక్స్-రే ఎవరు తీశారు? సర్జన్ చేతికి వెళ్లే రిపోర్ట్ బతికున్న కవలది. కాలికి వెళ్లేది శవం. ఇక అది విమానం ఎక్కేది సెక్రటరీ కాల్లో కాదు. డిప్లొమాటిక్ పాస్‌పోర్ట్‌తో, ఏ చెకింగూ లేకుండా, నెమలి మాట్లాడి పెట్టిన క్లినిక్‌కి ఎక్స్-రే తీయించుకోడానికి నడిచి వెళ్లేది తనే. మన రహస్యం, మన ముద్ర వేసిన కవరులో. ఆ కవరు తన కాలు.

ఇప్పుడు బతికున్న కవల ప్రెస్ కిందికి వెళ్తోంది.

నల్ల బోల్టు మూడు తిప్పులు తిప్పి వీల్‌ఛెయిర్‌లోకి జారాడు. "అక్కా, ల్యాబ్‌కి. వేగంగా."

"థియేటర్ అటు కదరా?"

"నా ఎముకని విరగ్గొడుతున్నారక్కా."

అక్క ఎవరు, ఎందుకు అని అడగలేదు. ఏళ్ల తరబడి కిక్కిరిసిన బస్సుని నడిపించిన గొంతు విప్పింది. "జరగాలి, జరగాలి. ముందుకి నడవండి. ట్రాలీ పక్కకి. ఏమండీ డాక్టరుగారూ, మీకే." కారిడార్ రెండుగా చీలిపోయింది. వీల్‌ఛెయిర్ మూల తిరిగినప్పుడల్లా కాల్లో తీగలు నిప్పుల్లా లాగాయి. మిడత పళ్లు బిగబట్టాడు.

*

ల్యాబ్ తలుపు తోసేసరికి పై పలక దిగుతోంది.

దాని కింద సంచిలో పసుపు నీళ్లు, నీళ్లలో తెల్లటి ముక్క. పక్కనే థియేటర్‌కి వెళ్లాల్సిన ట్రే సిద్ధంగా ఉంది, అందులో రెండోది. నెమలి ప్రెస్‌కీ అతనికీ మధ్య నిలబడింది. ఆగిపొమ్మనే ఎర్ర బటన్ ఆమె వీపు వెనక ఉంది. మాస్క్ తీసేసి ఉంది. లిప్‌స్టిక్ రంగు తెల్ల మూత సీసాలో నీళ్ల రంగే.

"మాత్ర మింగలేదన్నమాట," అందామె.

"రాజులో ఏమీ లేదు."

"లేదు. మీ చేతులకి పని చెప్పకపోతే బుర్రకి పని చెప్తారని ఆ రాజు కథ చెప్పాను." ఆమె చేతి గడియారం చూసుకోలేదు, వెనక్కి కూడా చూడలేదు. పలక శబ్దాన్ని బట్టే ఎంత దూరం ఉందో ఆమెకి తెలుసు. "మీవాళ్లు మెట్లెక్కి వచ్చేసరికి ఇది పొడి. అప్పుడు మీ కాలికి ఏం పెడతారు? ఇంకోటి పెంచేదాకా కాలు ఆగదని మీకూ తెలుసు."

"ఆపమంటే ఆపుతారా?"

"ఆపుతాను. ఈ ట్రేలోది మోసుకెళ్లండి, అంతే. అక్కడ క్లినిక్‌లో ఎక్స్-రే తీశాక దాన్ని తీసేసి, ఈ బతికున్నదాన్ని పెడతారు. దీన్ని నేనే భద్రంగా తెస్తాను. మళ్లీ గోడలు దూకుతారు. మీరు చెయ్యాల్సిందల్లా నడవడం."

మిడత పలక కిందికి చూశాడు. రోజూ పొద్దున అద్దం బయట నిలబడి చూసిన ముక్క. రోగిష్టిదనుకున్నది. అది ఆకలేసి తిన్నది, తన కాల్లోకి రావాలని పెరిగింది. పలక దానికి బొటనవేలంత ఎత్తులో ఉంది.

ఆ మాటలన్నీ విన్న అక్క వెనక నుంచి నెమ్మదిగా అడిగింది. "ఒరేయ్, తూనికల శాఖలో ఇలాంటివి కూడా ఉంటాయా?"

"ఉంటాయక్కా."

"అయితే ఏది బరువో చూసుకో."

"చూసుకున్నాను. నువ్వు ఆమెని కాస్త ముందుకి జరుపు."

అక్క జరిపింది. కిక్కిరిసిన బస్సులో ఫుట్‌బోర్డు మీది మనిషిని భుజంతో లోపలికి తోసే తోపు అది. హైహీల్స్ నున్నటి గచ్చు మీద జారాయి. నెమలి బల్లకి కొట్టుకుని పక్కకి ఒరిగింది.

బటన్ ఇంకా అందే దూరంలో లేదు. మిడత వీల్‌ఛెయిర్ చేతుల మీద బలమంతా మోపాడు. మంచి కాలు ఒక్కటే నేలని తన్నింది. ఎండాకాలం తర్వాత మొదటిసారి, ఒంటికాలి మీద, స్టీలు పంజరంతో సహా మిడత ఎగిరింది.

ప్రెస్ మీద పడ్డాడు. కళ్ల ముందు చీకట్లు కమ్మాయి. బటన్ ప్రెస్‌కి అవతలి అంచున ఉంది, చెయ్యి అందలేదు. ఎముకని లాగే వీలూ లేదు, పలక సంచి అంచుని నొక్కేస్తోంది. జేబులోంచి రాజుని లాగి, పలకల మధ్యకి ఏటవాలుగా దూర్చి, ఎముక పక్కన నిటారుగా తన్ని నిలబెట్టాడు. చెక్కరాజు ఎముక కంటే వెంట్రుకవాసి ఎత్తు ఎక్కువ.

పలక రాజు కిరీటాన్ని తాకింది. అంకెలు పెరిగాయి. చెక్క మూలిగింది.

టప్.

పలక ఆగిపోయింది. పని అయిపోయిందనుకుని, దానంతట అదే పైకి లేచింది. ఏది విరిగిందో దానికి పట్టింపు లేదు.

నెమలి లేచి ట్రేలోని ముక్కని గుప్పిట్లోకి తీసుకుని తలుపు వైపు నడిచింది. పరిగెత్తలేదు, అప్పుడు కూడా నడకలో తేడా రాలేదు. తలుపుకి అడ్డంగా అక్క నిలబడి ఉంది, చెయ్యి చాపి.

"టికెట్," అంది అక్క.

అక్క వెనక, మెట్లెక్కిన ఆయాసంతో గుండె పట్టుకుని పెదనాన్న ఉన్నాడు. ఆయన వెనక, గేటు దగ్గర్నుంచి వచ్చిన మనుషులున్నారు. పెదనాన్న నెమలి గుప్పిట వంక చూసి, ఒక్కసారి, చాలా పొడుగ్గా నిట్టూర్చాడు. ఆమె గుప్పిట విప్పింది.

అప్పుడు వచ్చాడు సర్జన్, చేతులు కడుక్కుని, తడి చేతులు గాల్లో పట్టుకుని. "పేషెంట్ లేడు, ఎముక లేదు, రిపోర్ట్ లేదు. ఇది హాస్పిటలా, బస్టాండా?"

"బస్టాండ్‌ని ఏమీ అనకండి," అంది అక్క.

ఆయన నేల మీదున్న పేషెంట్‌ని, ప్రెస్ మీదున్న సంచిని చూశాడు. వంగి, సంచిని వెలుగుకి ఎదురుగా పెట్టి, అంచులన్నీ పరీక్షగా తిప్పి చూశాడు. 

"సీలు పోలేదు," అన్నాడు చివరికి. "ముక్క కూడా నలగలేదు. కానీ పరీక్ష చెయ్యని ఎముకని నేను పెట్టను. నా రూలు."

"పరీక్ష అయింది సార్," అన్నాడు మిడత గచ్చు మీంచే. "రోజూ పొద్దున దాని రంగు నేనే చూశాను."

సర్జన్ పసుపు నీళ్ల వంక ఇంకోసారి చూశాడు. పేషెంట్ వంక చూశాడు. అక్క వంక చూడటానికి మాత్రం ధైర్యం చాలలేదు. "థియేటర్‌కి తీసుకురండి," అన్నాడు.

*

చలికాలం వెళ్లేసరికి పంజరం ఊడింది. ఎక్స్-రేలో గీతలూ జల్లెడలూ మసకబారి, కొత్త ఎముక పొగలా కమ్ముకుంటోంది. మిడత చేతికర్రతో నడుస్తున్నాడు. డెస్క్ పోస్టింగ్ రద్దయింది. అక్క మళ్లీ డ్యూటీ బస్సు ఎక్కింది. తమ్ముడి ఉద్యోగం గురించి ఆమె ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు, కాని డిపార్ట్‌మెంట్ కారు ఎదురైతే కిటికీలోంచి పెదనాన్నకి నమస్కారం పెడుతోంది.

చెకప్ రోజు హాస్పిటల్ వరండాలో సెక్రటరీ చదరంగం పరుచుకుని కూర్చున్నాడు. ఆయన కాలు కూడా అతుక్కుంది. రాజు స్థానంలో మందు సీసా మూత పెట్టుకుని ఆడుతున్నాడు.

మిడత ఎదురుగా కూర్చుని జేబులోంచి తెల్లటి బొమ్మ తీసి బల్ల మీద పెట్టాడు. ల్యాబ్‌లో కొత్తగా వచ్చినతను కాల్షియం ముద్దతో ప్రింట్ చేసి ఇచ్చిన రాజు. కిరీటంతో సహా, పాతదాని కొలతే.

"మీ పాత రాజు మా పనిలో విరిగిపోయాడు. ఇది మా తరఫున."

సెక్రటరీ రాజుని ఎత్తి, చేతిలో తూచి, చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు. వెలుగుకి పట్టుకుని రంధ్రాల వంక ఒక కన్ను మూసి చూశాడు.

"మిత్రమా, ఎంబసీకి కొనిపోవలసినవాడను. లోపల ఏమియు లేదు కదా?"

"లేదండీ," అన్నాడు మిడత బంటుని ముందుకి జరుపుతూ. "మా పెదనాన్న పిండి చూశాడు."